కాలనీ వీధులకు కొత్త తారు, గుడి సందుకు సీసీ రోడ్డు: రాకపోకలు ఆగే రోజులకు ముందుగా చేసుకోవలసిన ఏర్పాట్లు

కాలనీ కార్యదర్శి
ఫిబ్రవరి 8

అందరికీ నమస్కారం. ఉప్పల్ వైపున్న మన కాలనీలో రెండో వీధికి, మూడో వీధికి, ఆ రెంటినీ కలిపే గుడి సందుకు రోడ్డు పని మంజూరైందని ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు నిన్న సాయంత్రం ఫోనులో తెలిపారు. 30 అడుగుల వెడల్పున్న రెండు వీధులకూ పాత తారును మిషనుతో గీకి తీసేసి కొత్త పొర వేస్తారట. 20 అడుగుల గుడి సందులో ఏటా వాననీళ్లు నిలిచి తారు లేచిపోతోంది కనుక అక్కడ మాత్రం సీసీ రోడ్డు వేస్తారట. మార్చి మొదటి వారంలో పని ఎత్తుకుని, మూడింటినీ ఒకేసారి మూసి, త్వరగా ముగించుకుని వెళ్లిపోవాలన్నది కాంట్రాక్టరు ఆలోచన.

జూన్ రెండో వారానికల్లా నైరుతి రుతుపవనాలు వచ్చేస్తాయి, తడి నేల మీద తారు వేయకూడదు, కాబట్టి ఈ పని ఎండాకాలంలో చేయించుకోక తప్పదు. అయితే ఇంటరు, పదో తరగతి పరీక్షలు, పెళ్లి ముహూర్తాలు, బోర్లు ఎండిపోయి ట్యాంకర్లు పిలిపించుకునే రోజులు కూడా ఈ నెలల్లోనే పడతాయి. అందుచేత కాంట్రాక్టరుకు సరేననే ముందు మన అవసరాలన్నీ ఒకచోట చేర్చి ఏఈ గారి ముందు పెట్టాలనుకుంటున్నాను. పరీక్షలు రాసే పిల్లలు, నడవలేని పెద్దలు, క్రమం తప్పకుండా ఆసుపత్రికి వెళ్లవలసిన వారు, శుభకార్యాలు, ఇల్లు మారే ఆలోచన, ఇలాంటివి ఏమున్నా తేదీలతో సహా ఇక్కడ రాయగలరు.

మూడో వీధి రిటైర్డ్ ఇంజనీరు
ఫిబ్రవరి 8

కార్యదర్శి గారూ, మూడింటినీ ఒకేసారి మూయడానికి మాత్రం ఒప్పుకోకండి. తారు పని వేరు, సీసీ పని వేరు. రెంటికీ మనల్ని ఇబ్బంది పెట్టే తీరు కూడా వేరు.

తారు రోడ్డు విషయంలో గీకుడు మిషను వచ్చిన రోజు చప్పుడు, దుమ్ము విపరీతంగా ఉంటాయి. ఆ తరువాత మ్యాన్‌హోళ్ల అంచులనూ వాల్వు గుంటల అంచులనూ కొత్త మట్టానికి సరిచేసి, ఆ సిమెంటు గట్టిపడేదాకా ఆగవలసి ఉంటుంది కనుక కొన్ని రోజులపాటు గీతలు పడిన గరుకు రోడ్డు మీదే తిరగాలి. ద్విచక్ర వాహనాలు జారేది, పెద్దవాళ్లకు కాలు మడతపడేది ఆ రోజుల్లోనే. ఆ పైన వీధిని ఊడ్చి, ఎమల్షన్ (నీళ్లలో కలిపిన పలుచని తారు) చల్లుతారు. చల్లినప్పుడు అది గోధుమరంగులో ఉండి, నీరు విడిపోయాక నల్లబడుతుంది. ఆ మధ్యలో ఎవరు తొక్కినా చెప్పులతో పాటు ఇంట్లోకి వచ్చేస్తుంది, గచ్చు మీద పడితే ఒక పట్టాన వదలదు. చివరగా తారు, కంకర కలిపిన వేడి మిక్సు పరిచి రోలరు తిప్పుతారు.

నిలిపి ఉంచిన కార్లను ఎందుకు తీయమంటారో చాలామందికి తెలియదు కనుక కాస్త వివరంగా చెబుతాను. మన రోడ్లకు ఎక్కువగా వాడే వీజీ-30 అనే రకం తారుతో కలిపిన మిక్సు ప్లాంటులో 150 నుంచి 165 డిగ్రీల సెల్సియస్ వేడిలో తయారవుతుంది, పరిచేటప్పుడు 140 డిగ్రీలకు తగ్గకూడదు, 90 డిగ్రీలకు దిగేలోపు రోలింగ్ పూర్తికావాలి. ప్లాంట్లు ఊరి బయట ఉంటాయి. టిప్పరు వీధిలోకి వచ్చాక, తాళం వేసిన ఒక కారు కోసం, ఊరెళ్లిన దాని యజమాని కోసం వెతుకుతూ కూర్చుంటే మిక్సు చల్లారిపోతుంది. చల్లారినదాన్ని ఎంత తొక్కించినా దిట్టంగా కూర్చోదు, మొదటి వానకే అక్కడ కంకర లేస్తుంది. కారు చుట్టూ వదిలేసి మిగతాచోట వేసుకుపోతే ఆ అతుకు కూడా అంతే.

తారు పొర పరిసరాల వేడికి చల్లారి, అక్కడి ఇంజనీరు సరేనన్నాకే వాహనాలు ఎక్కాలి. మండుటెండల్లో ఇది ఆలస్యమవుతుంది కనుక కార్లను మరునాటి ఉదయం వరకు బయటే ఉంచుకోవడం క్షేమం. తరువాత కూడా కొన్నాళ్లపాటు, కదలని కారులో కూర్చుని స్టీరింగు పూర్తిగా తిప్పకండి. లేత తారు మీద టైరు అక్కడికక్కడే తిరిగితే పైపొర చిట్లుతుంది. గేట్ల ముందు మనం చేసే పని సరిగ్గా అదే.

సీసీ రోడ్డుకు అంత చప్పుడు, దుమ్ము ఉండవు కానీ ఓపిక కావాలి. కనీసం 14 రోజులు తడుపుతూ ఉండాలి, బరువైన వాహనాలు 28 రోజుల దాకా ఎక్కకూడదు. మనుషులు మరునాటి నుంచే జాగ్రత్తగా నడవవచ్చు.

గుడి సందు కోడలు
ఫిబ్రవరి 8

నమస్కారం ఇంజనీరు గారూ. మా ఇల్లు గుడి సందు మధ్యలో ఉంది. మా అత్తగారికి మంగళ, గురు, శనివారాల్లో డయాలసిస్ ఉంటుంది. ఉదయం ఆరున్నరకు ఇంటి ముందే కారు ఎక్కిస్తాం. తిరిగి వచ్చేసరికి ఆవిడకు కళ్లు తిరుగుతూ ఉంటాయి, గేటు నుంచి గుమ్మం దాకా కూడా ఇద్దరం పట్టుకుని నడిపించాలి. ఒకరోజు వాయిదా వేసుకోవడానికి కుదిరే చికిత్స కాదది. మరునాటి నుంచి నడవవచ్చు అన్నారు కానీ, సందు మొత్తం తవ్వి ఉన్న రోజున, కాంక్రీటు పోసిన రోజున ఏమి చేయాలి? చక్రాల కుర్చీ తెచ్చుకోగలం. అది వెళ్లే దారి ఉండాలి కదా.

మూడో వీధి రిటైర్డ్ ఇంజనీరు
ఫిబ్రవరి 8

అమ్మా, మీ సందుకు ఉపాయం ఉంది. వెడల్పులో సగం ముందు, సగం తరువాత వేయమని అడుగుదాం. నాలుగున్నర మీటర్లకు మించిన వెడల్పుకు ఎలాగూ నిడివి పొడుగునా మధ్యలో ఒక జాయింటు పెట్టాలన్నదే నియమం. 20 అడుగులంటే ఆరు మీటర్లు కనుక మూడేసి మీటర్లుగా రెండు పట్టీలు వేస్తే రోడ్డుకు నష్టమేమీ లేదు. ఒక పట్టీ తడుస్తున్నప్పుడు రెండో పట్టీ మీద చక్రాల కుర్చీయే కాదు, అవసరమైతే చిన్న కారు కూడా వస్తుంది. కాంట్రాక్టరుకు ఇష్టం ఉండదు, ఎందుకంటే మనుషులను, మిక్సరు లారీని రెండుసార్లు తేవాలి. సందు వారు కూడా రెండు వారాలకు బదులు నెల రోజులు ఓర్చుకోవాలి. ఏది కావాలో సందు వారే తేల్చుకోవాలి, వీధి వాళ్లం చెప్పేది కాదు.

పనుల వరుస గురించి కూడా ఇప్పుడే చెప్పనివ్వండి. గుడి సందు ముందు, తారు వీధులు తరువాత. కాంక్రీటు మిక్సరు లారీ నిండు బరువుతో కొత్త తారు మీదుగా సందులోకి పోకూడదు. పైగా కాంక్రీటు పనికి అంత హోరు ఉండదు కనుక మార్చిలో పరీక్షలు జరుగుతుండగానే సాగిపోవచ్చు. గీకుడు మిషను పదో తరగతి చివరి పరీక్ష అయ్యాకే రావాలి.

రెండో వీధి బైకు
ఫిబ్రవరి 9

క్షమించండి, నాకు ఇదంతా సాగదీయడంలా అనిపిస్తోంది. సెలవుల్లో అన్నీ ఒకేసారి మూసి పది రోజుల్లో ముగిస్తే అందరికీ ఒకే బాధ, ఒకే విడుదల. సగం సగం అంటూ మొదలుపెడితే మధ్యలో కాంట్రాక్టరు వేరే పని మీదికి పోతాడు, మనం జూన్ దాకా గోతుల మధ్య బండ్లు తోసుకుంటూ ఉంటాం. పక్క కాలనీలో తవ్విన రోడ్డు ఎన్నాళ్లు అలాగే ఉండిపోయిందో అందరం చూశాం.

కాలనీ కార్యదర్శి
ఫిబ్రవరి 9

మీ అనుమానంలో న్యాయం ఉంది తమ్ముడూ. అందుకే గీకిన తరువాత ఎన్ని రోజుల్లోపు తారు వేస్తారో రాతలో ఇమ్మని అడగబోతున్నాను. ఒక వీధికి తారు పడి బండ్లు తిరిగేదాకా రెండో వీధిని గీకకూడదన్నది మన షరతు. మిషను అద్దె కలిసి వస్తుందని రెండూ ఒకే రోజు గీకేస్తామంటారు, అక్కడ మనం మెత్తబడకూడదు.

అన్నీ ఒకేసారి మూస్తే గుడి సందులోకి మనిషి కూడా వెళ్లలేడు. దానికి అటు మూడో వీధి, ఇటు రెండో వీధి తప్ప మూడో దారి లేదు. 108 వాహనం ఎక్కడ ఆగుతుంది?

మూడో వీధి పల్లపు ఇల్లు
ఫిబ్రవరి 9

నా బాధ రాకపోకల గురించి కాదు, రోడ్డు ఎత్తు గురించి. మేము ఇల్లు కట్టుకున్నప్పుడు వీధి నుంచి గేటులోకి మూడు మెట్లు ఎక్కేవాళ్లం. వేసినప్పుడల్లా పాతదాని మీదే కొత్త పొర పరుచుకుంటూ పోయారు, ఇప్పుడు ఒక్క మెట్టే మిగిలింది. 2020 అక్టోబరు 13 రాత్రి, ఘట్‌కేసర్‌లో 32 సెంటీమీటర్ల వాన పడిన ఆ రోజున, మా సంపులోకి వీధి మురుగు దిగింది. మంచినీళ్ల సంపును తోడి, కడిగి, మళ్లీ నింపుకునేదాకా మేము పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు. ఈసారి గీకకుండా వేస్తామంటే నేను మిషనుకు అడ్డంగా కూర్చుంటాను.

మూడో వీధి రిటైర్డ్ ఇంజనీరు
ఫిబ్రవరి 9

మీరు కూర్చోనవసరం లేకుండా ఒక చిన్న పని చేసి పెట్టుకుందాం. పని మొదలయ్యేలోపు ప్రతి ఇంటి ప్రహరీ మీద, ఇప్పటి రోడ్డు మట్టం నుంచి సరిగ్గా ఒక అడుగు ఎత్తున పెయింటుతో గీత గీసి, టేపు పట్టి, తేదీ కనబడేలా ఫోటో తీసుకోండి. గీకిన రోజున ఒకసారి, తారు వేసిన మరునాడు ఒకసారి అదే గీత నుంచి కొలవండి. గీకిన మందమెంతో, వేసిన మందమెంతో ఎవరినీ అడగనక్కరలేకుండా తెలిసిపోతుంది. బిల్లు రాసే ముందు ఈ కొలతలు ఏఈ గారి చేతిలో పెడితే ఆయనకూ మేలే. చాలాసార్లు వీధి మధ్యలో బాగా గీకి, అంచుల్లో పైపైన పోనిచ్చేస్తారు. నీళ్లు ఇళ్లలోకి తిరిగేది అంచుల వల్లనే. రోడ్డుకు మధ్య నుంచి అంచుల వైపు మీటరుకు రెండు, రెండున్నర సెంటీమీటర్ల వాలు ఉండాలి, అంచు దగ్గర నీళ్లు కాలువలోకి దిగే దారి ఉండాలి.

అప్రియమైన మాట కూడా ఒకటి. గేట్ల ముందు రోడ్డు మీదికి మనం పోసుకున్న సిమెంటు ర్యాంపులు ఆ నీటి దారికే అడ్డుపడుతున్నాయి. మా ర్యాంపు కూడా అలాంటిదే. పనివాళ్లు వచ్చి పగలగొట్టేదాకా ఆగి తగవు పెట్టుకునే కంటే, ఎవరికి వారు ముందే తీయించుకుని, ఇనుప రేకు ర్యాంపు పెట్టుకోవడం మర్యాద.

సంపు మూత
ఫిబ్రవరి 10

నీళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. మనకు నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. వాల్వు తిప్పే లైన్‌మన్‌కు గుంట మూత తెరుచుకుంటేనే నీళ్లు. గతంలో రెండో వీధి మొదట్లో వాల్వు గుంటను తారుతో పూడ్చేశారు. నీళ్లు రాక, గుంట ఎక్కడుందో ఎవరికీ గుర్తు లేక, సుత్తితో రోడ్డంతా తట్టుకుంటూ వెతికారు. మురుగు మ్యాన్‌హోళ్లు కూడా అంతే, తారు కింద మూసుకుపోతే జెట్టింగ్ మిషను వచ్చి ప్రయోజనం ఉండదు. కాబట్టి ఈ ఆదివారం లైన్‌మన్‌ను వెంటబెట్టుకుని మూడు చోట్లా ఉన్న గుంటలు, మూతలు లెక్క రాసుకుని, ఒక్కోదానికి ఎదురుగా ఉన్న గోడ మీద బాణం గుర్తు, అక్కడి నుంచి ఎన్ని అడుగుల దూరమో పెయింటుతో వేద్దాం. నేను వస్తాను.

గుడి సందు వారికి ఇంకో మాట. ఐదు వేల లీటర్ల ట్యాంకరంటే నీళ్లే ఐదు టన్నులు, దానికి తోడు బండి బరువు. 28 రోజుల దాకా అది సందులోకి రాలేదు. ట్యాంకరు వాళ్లు తెచ్చే గొట్టం సందు మొగలో ఉన్న నాలుగైదు ఇళ్లకు మించి అందదు. నడిమి ఇళ్లవారు కలిసి పొడవాటి గొట్టం ఒకటి ముందే కొనుక్కోవాలి, లేదా మొగలో ఉన్న వారి సంపు నుంచి మోటారుతో తోడుకునే ఒప్పందం చేసుకోవాలి. కరెంటు ఖర్చు ఎవరు పెట్టుకోవాలో కూడా అప్పుడే మాట్లాడేసుకుంటే చుట్టరికాలు చెడవు.

రెండో వీధి కిరాణా
ఫిబ్రవరి 10

అయ్యా, మా దుకాణానికి పాల ట్రేలు తెల్లవారుజామున నాలుగున్నరకు వస్తాయి. వీధి మూసిన రోజు ఆటో ఎక్కడ ఆగితే అక్కడి నుంచి మోసుకుంటాం, అది మాకు పెద్ద కష్టం కాదు. ఏ రోజో ముందు తెలియాలి. తెలియకపోతే పెరుగు, పాలు ఎండలో ఉండిపోతాయి, నష్టం మాకే. మూల మీద టిఫిన్ బండి ఆయన, చెట్టు కింద ఇస్త్రీ ఆయన ఈ చర్చలోకి వచ్చి రాయలేరు కనుక వారి తరఫున అడుగుతున్నాను. బండ్లు తీయమంటే తీస్తారు. ఎక్కడ పెట్టుకోవాలో చూపించి, పని అయ్యాక తమ చోటు తమకు ఉంటుందని చెబితే చాలునంటున్నారు.

కాలనీ కార్యదర్శి
ఫిబ్రవరి 10

తప్పకుండా. పార్కు గోడ పక్కన వారిద్దరికీ చోటు చూపిద్దాం, అక్కడ నీడ కూడా ఉంది. తిరిగి వారి చోటికి వారు వస్తారు, అందులో సందేహం అక్కరలేదు.

అమ్మానాన్నలు రెండో వీధిలో
ఫిబ్రవరి 11

నేను కాలిఫోర్నియాలో ఉంటాను. మా నాన్నగారి కారు నెలల తరబడి వీధిలో కవరు కింద ఉంటుంది, ఆయన నడపడం మానేశారు కనుక ఇక్కడ రాస్తున్నాను. ఈ రాష్ట్రంలో వీధి పని కోసం కారు తీసివేయాలంటే, వాహనాలు ఆపరాదన్న బోర్డు కనీసం 24 గంటల ముందు పెట్టి ఉండాలని వాహన చట్టంలోనే ఉంది. బోర్డు పెట్టాక కూడా కారు కదలకపోతే లాక్కుపోయి, ఆ ఖర్చు యజమాని చేతనే కట్టిస్తారు. ఇక్కడిలా లాక్కుపోయే పద్ధతి మన కాలనీకి వద్దు కానీ, ఇంటి తలుపుకు కాగితం తగిలించడం, పని రోజుకు ముందు స్తంభాలకు తేదీ, వేళ రాసిన బోర్డులు కట్టడం మనమే చేసుకోవచ్చు. వాట్సాప్ సందేశం ఒక్కటే సరిపోదు, మా నాన్నగారు చూడరు.

కాలనీ కార్యదర్శి
ఫిబ్రవరి 11

మీ నాన్నగారితో మాట్లాడాను. కారు బ్యాటరీ దిగిపోయి ఉందట. ఈ వారంలోనే మెకానిక్‌ను పిలిపించి, పార్కు వెనుక ఖాళీ స్థలంలోకి తోయిస్తాం. ఊరికి వెళ్లే వారెవరైనా తమ కారు తాళం చెవి పక్కింటి వారికి ఇచ్చి, ఎవరికి ఇచ్చారో నాకు చెప్పి వెళ్లాలి.

మూడో వీధి అద్దె ఇల్లు
ఫిబ్రవరి 11

కార్యదర్శి గారూ, నోటీసు ఇళ్ల యజమానులకే అందుతోంది. మూడో వీధిలో అద్దెకున్న వాళ్లమే ఎక్కువ. పై అంతస్తుల్లో ఉన్న పిల్లల్లో కొందరికి తెలుగు రాదు, రాత్రి ఉద్యోగాలు చేసి తెల్లవారాక పడుకుంటారు. మా ఎదురింటి వాచ్‌మన్ కుటుంబానికి హిందీయే వచ్చు. కాగితం తెలుగు, హిందీ, ఉర్దూల్లో ఉంటే బాగుంటుంది. అంతస్తుకొక కాగితం ఇవ్వండి, గేటుకు ఒకటి అంటిస్తే సరిపోదు.

కేబుల్ పని చేసేవాణ్ణి
ఫిబ్రవరి 12

ఫైబర్ కనెక్షన్, కొత్త నల్లా, మురుగు కనెక్షన్ మార్పు, ఇంటికి వంట గ్యాస్ పైపు, కరెంటు కేబులు, వీటిలో ఏది కావలసినా మార్చిలోపే దరఖాస్తు పెట్టుకుని తవ్వించుకోండి. రోడ్డు పడిన పదో రోజున గునపం పట్టుకొచ్చే వాడు ప్రతి వీధిలోనూ ఒకడుంటాడు. ఆ గాడిని మట్టితో పూడ్చి వెళ్లిపోతారు, వానకు అది కుంగుతుంది, దాని వెంట చుట్టూ తారు పోతుంది. కాలనీ తరఫున జలమండలి, విద్యుత్ సంస్థ, భాగ్యనగర్ గ్యాస్, కేబుల్ వాళ్లు, అందరికీ ఒక ఉత్తరం పెట్టి, ఈ మూడు చోట్ల మీకు పని ఉందా అని ఇప్పుడే అడిగేయడం మంచిది. సీసీ సందు విషయంలో ఇది మరీ ముఖ్యం. తారునైతే అతుకు వేయవచ్చు, కాంక్రీటు పలకను కోస్తే మళ్లీ ఏకం కాదు. కనెక్షన్ లేని ఖాళీ స్థలాల ముందు కూడా రోడ్డుకు అడ్డంగా ఖాళీ పైపు ఒకటి పడేయించి, రెండు చివర్లూ మూయించి పెట్టండి.

మూడో వీధి రిటైర్డ్ ఇంజనీరు
ఫిబ్రవరి 12

ఈ చర్చ మొత్తంలో డబ్బు ఆదా చేసే మాట ఇదే. ఆ ఖాళీ పైపుల చోట్లను కూడా గోడ మీద గుర్తు వేయండి.

గుడి సందు కోడలు
ఫిబ్రవరి 13

నిన్న రాత్రి సందు వాళ్లమంతా గుడి అరుగు మీద కూర్చుని మాట్లాడుకున్నాం. ఇద్దరు మొదట ఒప్పుకోలేదు. నెల రోజులు బండి బయట పెట్టుకోవాలంటే ఎవరికైనా కష్టమే. చివరికి సగం సగంగానే వేయమనడానికి అందరూ ఒప్పుకున్నారు. గుడి వైపు పట్టీ ముందు, మా వైపు తరువాత. బండ్లు పార్కు పక్కన పెట్టుకుంటే రాత్రి కాపలా ఎవరన్న ప్రశ్న వచ్చింది. వాచ్‌మన్‌కు ఆ నెలకు అదనంగా ఇవ్వడానికి ఇంటికింత వేసుకుంటున్నాం. మా ఇంటికి కారు సందు మొగ దాకానే వస్తుంది, అక్కడి నుంచి చక్రాల కుర్చీ. మా వైపు పట్టీ పోసే రోజు మంగళ, గురు, శనివారాల్లో పడకుండా చూడండి, అంతకు మించి నేను కోరేది ఏమీ లేదు.

ఇంకొక్కటి. తడుపుతున్నన్ని రోజులు ఆ నీళ్లు ఎవరివి? ఏప్రిల్‌లో మా సంపుల నుంచి ఇమ్మంటే ఇవ్వలేం.

మూడో వీధి రిటైర్డ్ ఇంజనీరు
ఫిబ్రవరి 13

తడిపే బాధ్యత, నీళ్లు, రెండూ కాంట్రాక్టరువే, అంచనాలో ఆ ఖర్చు కలిసే ఉంటుంది. మట్టి కట్టలు కట్టి నీళ్లు నిలుపుతారు, లేదా గోనె సంచులు పరిచి తడుపుతూ ఉంటారు. మన వంతు పని సంచులు ఎండిపోయాయేమో చూడటం. మధ్యాహ్నం రెండు గంటల వేళ చెయ్యి పెట్టి చూడండి, పొడిగా ఉంటే వెంటనే ఫోన్ చేయండి. పోసిన సాయంత్రం పిల్లలను, కుక్కలను కాయడానికి ఇద్దరు మనుషులు కావాలి. నగరంలో ఏ సీసీ సందుకు వెళ్లినా కుక్క పాదాలు లేని పలక కనబడదు, మన సందుకు ఆ అలంకారం వద్దు.

కాలనీ కార్యదర్శి
ఫిబ్రవరి 15

ఏఈ గారిని, కాంట్రాక్టరు మనిషిని కలిసి వచ్చాను. వరుసకు, సగం సగానికి, పరీక్షల తరువాతే గీకడానికి ఒప్పుకున్నారు. గీకిన తరువాత వారం లోపు తారు వేస్తామని రాసిచ్చారు. ఇంటింటికీ ఇవ్వబోయే కాగితం చిత్తుప్రతి ఇది. లోపాలుంటే చెప్పండి.

"కాలనీ వాసులకు విజ్ఞప్తి. గుడి సందులో సీసీ పని మార్చి 5న మొదలవుతుంది. సందులో సగం వెడల్పు ఎప్పుడూ నడకకు తెరిచి ఉంటుంది. కార్లు, ఆటోలు, ట్యాంకర్లు సందులోకి రావు. మూడో వీధిని, ఆ తరువాత రెండో వీధిని పదో తరగతి పరీక్షలు ముగిశాక గీకి తారు వేస్తారు. ఒక్కో వీధికి గీకే రోజు, తారు వేసే రోజు, ఈ రెండు రోజులు ఉదయం ఏడు నుంచి మరునాటి ఉదయం ఏడు వరకు వాహనాలు లోపలికి రావు, లోపలివి బయటకు పోవు. ఆ తేదీలను మూడు రోజుల ముందు స్తంభాలకు కట్టే బోర్డుల మీద చూడగలరు. ముందురోజు రాత్రి పది గంటలలోపు వాహనాలను పార్కు వెనుక స్థలంలో పెట్టుకోవలెను. వాన పడితే పని మరునాటికి మారుతుంది. చెత్త ఆటో ఆ రోజుల్లో వీధి మొగలో ఉదయం ఆరున్నరకు ఆగుతుంది. గ్యాస్ సిలిండరు, ఇంటి సామాను, పెళ్లి సామాను వచ్చేది ఉంటే ఆ రెండు రోజులు మినహాయించుకోవలెను. అత్యవసరానికి 108కు ఫోన్ చేసినవారు వాహనాన్ని వీధి మొగకు రమ్మని చెప్పి, వెంటనే కాలనీ కార్యాలయానికి తెలపవలెను. స్ట్రెచరు మోయడానికి నలుగురు సిద్ధంగా ఉంటారు. నీటి సరఫరా ఆగితే 155313కు, కరెంటు పోతే 1912కు తెలపవలెను."

మూడో వీధి రిటైర్డ్ ఇంజనీరు
ఫిబ్రవరి 15

కాగితం బాగుంది. రెండు సవరణలు చెబుతాను. ఎమల్షన్ చల్లిన తరువాత తారు పరిచేదాకా ఎవరూ రోడ్డు మీద అడుగు పెట్టరాదని విడి వాక్యంగా రాయండి. తారు పరుస్తున్నప్పుడు వీధి వైపు కిటికీలు మూసుకోమని, ఆయాసం ఉన్నవారిని ఆ పూట వెనుక గదిలోనో బంధువుల ఇంటనో ఉంచమని కూడా చేర్చండి. ఏప్రిల్‌లో వడగళ్లతో అకాల వర్షాలు మామూలే కనుక వాన మాట రాయడం మంచిదైంది. అయితే మరునాటికి అనకండి, నేల పూర్తిగా ఆరిన తరువాత అనండి. మరునాడు అని రాసి ఉంటే, తడి మీదే వేసేసి మీ కాగితమే మనకు చూపిస్తారు.

కాంట్రాక్టరు పెట్టవలసినవి కొన్ని ఉన్నాయి. పని జరిగే చోట్ల రాకపోకల భద్రతకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ విడిగా మార్గదర్శకాలే రాసింది. దాని సారం ఇంతే: పని దగ్గరికి వచ్చాక కాకుండా, వాహనం మలుపు తిరగడానికి ఇంకా వీలున్న చోటే హెచ్చరిక బోర్డు ఉండాలి. మనకైతే అది పెద్ద రోడ్డు నుంచి కాలనీలోకి తిరిగే ఆర్చి దగ్గర. రాత్రిపూట మెరిసే పట్టీలున్న బారికేడ్లు ఉండాలి, రాళ్లు, చెట్టుకొమ్మలు అడ్డం పెడితే ఒప్పుకోకండి. గీకిన రోడ్డులో పైకి తేలి ఉండే మ్యాన్‌హోలు అంచుల చుట్టూ కూడా అవి ఉండాలి.

రెండో వీధి బైకు
ఫిబ్రవరి 16

సరే, ఇంత పకడ్బందీగా ఉంటే నాకు అభ్యంతరం లేదు. స్ట్రెచరు మోసే నలుగురిలో నన్ను రాసుకోండి. మిగిలిన తారుతో మా ఇంటి ముందు, కిరాణా ముందు స్పీడ్ బ్రేకర్లు వేయించగలరా? పనివాళ్లకు ఎంతో కొంత ఇస్తే వేస్తారు.

మూడో వీధి రిటైర్డ్ ఇంజనీరు
ఫిబ్రవరి 16

బాబూ, అది మాత్రం వద్దు. స్పీడ్ బ్రేకరుకు కొలతలున్నాయి: ఎత్తు పది సెంటీమీటర్లు, వెడల్పు మూడు మీటర్ల డెబ్భై సెంటీమీటర్లు. పనివాళ్లు పారతో కుప్ప పోసి వేసేది ఒక అడుగు వెడల్పు గోడ. డయాలసిస్ చేయించుకుని వచ్చే పెద్దావిడ కారులో దాని మీదుగా ఎలా వస్తుందో ఆలోచించు. పైగా అది వాననీటిని అడ్డుకుని పల్లపు ఇంటి వైపు మళ్లిస్తుంది. కావాలనుకుంటే కాలనీ తరఫున ట్రాఫిక్ పోలీసులకు విడిగా దరఖాస్తు పెట్టవచ్చు. వాళ్లు చూసి, అవసరమైతే కొలత ప్రకారం, గీతలతో, ముందు బోర్డుతో వేయిస్తారు.

కాలనీ కార్యదర్శి
ఫిబ్రవరి 17

సవరణలన్నీ చేర్చాను. స్పీడ్ బ్రేకర్ల దరఖాస్తు రోడ్డు పని ముగిశాక చూద్దాం. కాగితాలు ఆదివారం ఉదయం ఎనిమిదింటికి పార్కు గేటు దగ్గర నుంచి పంచడం మొదలుపెడతాం. గుంటల లెక్క, గోడ గుర్తులు కూడా అదే పూట కానిద్దాం, లైన్‌మన్ వస్తానన్నాడు. రెండో వీధికి ముగ్గురు, గుడి సందుకు ఇద్దరు ముందుకు వచ్చారు. మూడో వీధికి ఒక్కరే ఉన్నారు, అంతస్తులు ఎక్కి తిరగగలిగిన వారు ఇంకొకరు కావాలి. ఉర్దూ ప్రతి కూడా ఇంకా సిద్ధం కాలేదు.

మూడో వీధి అద్దె ఇల్లు
ఫిబ్రవరి 17

నేను వస్తాను. ఉర్దూ ప్రతి మా అన్నయ్య రాసిపెడతాడు, శనివారం సాయంత్రం తెచ్చి ఇస్తాను. రాత్రి ఉద్యోగాల పిల్లలకు మాత్రం ఆదివారం ఉదయం ఎనిమిదికి తలుపు కొట్టకుండా, సాయంత్రం ఐదు తరువాత వెళ్లి ఇస్తాను.